వంటాముదం
(‘సున్నపు గీత’ నవల: పదకొండో వారం)

పోయిన వారం కథ ఒక చొక్కా కాలరు దగ్గర ఆగింది. ఆ కాలరు విజయనగరం బట్టల వర్తకుల ఇంటి అబ్బాయి వెంకటరావుది. దాన్ని పట్టుకున్న చెయ్యి జగన్నాధానిది.

జగన్నాధం అంతకుముందు ఎవరి మీదా చెయ్యి వేసినవాడు కాదు. బస్సులు బాగుచేసే మనిషి. మసి అంటుతుందేమోనని తెలిసినవాళ్ళ భుజం మీద కూడా చెయ్యి వెయ్యడు. అటువంటివాడు ఆ శనివారం మధ్యాహ్నం, యుద్ధకాలంలో విమానాల కోసం పరిచి మిలటరీవాళ్ళు వదిలిపోయిన కాంక్రీటు బాట మీద, నలభైమంది చూస్తుండగా, "నా ఇంజన్లో ఏటి పోసినావు?" అని వెంకటరావుని నిలదీశాడు.

అడగడానికి కారణం ఉంది. అంతకు కాసేపటి ముందు అలవాటు కోసం బండిని తిప్పుతుండగా, రెండో చుట్టులో ఇంజను లోపలినుంచి ఎవరో తలుపు కొడుతున్నట్టు టకటకమని చప్పుడు మొదలైంది. డ్రైవరు కళ్ళ ఎదుట ఒక చిన్న ఇత్తడి బొత్తం ఉంటుంది. ఇంజనులో నూనె తిరుగుతున్నంతసేపూ అది బయటికి పొడుచుకుని ఉంటుంది. అది కాస్తా లోపలికి పోయింది. పోయిందంటే లోపల ఇనుమును ఇనుము తింటున్నదన్నమాట. జగన్నాధం వెంటనే ఇంజను ఆపేసి, బండి దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా వెంకటరావు దగ్గరికి నడిచాడు. తెల్లవారగానే షెడ్డులో వెంకటరావు మెకానిక్కు ఈ బండి బానెట్టు మీద చెయ్యి ఆనించి నిలబడి ఉండడం అతను కళ్ళారా చూశాడు.

సాయంత్రం నాలుగు గంటలకు పరీక్ష. మూడు చుట్లు ఆరు నిమిషాల లోపల తిరిగిన బండికే ఆదివారం పందెంలో చోటు. చోటు దొరకకపోతే ఈ కారు ఇక కారు కాదు. ఇంటి పెద్ద లక్ష్మణరావుకు ఇచ్చిన మాట ప్రకారం ఇంజను ఊడదీసి, ఆయన మెరక పొలానికి నీళ్ళు తోడే పంపుకు బిగిస్తారు.

ఆ కారును పందేనికి తయారుచెయ్యడం మొదలుపెట్టినవాడు జగన్నాధం బావ నరసింగరావు. ఇరవై ఏళ్ళనాటి బేబీ కారు అది. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే మోచేతులు బయటికి వస్తాయి. మడ్‌గార్డులు, తలుపులు, దీపాలు, వెనకనున్న రేకు అంతా తీసేశాడు. ఆ రేకు ఉన్నచోట మేదరవాళ్ళ చేత బెత్తంతో తోక అల్లించి, మీద గుడ్డ బిగించి, చింతపిక్కల జిగురు నాలుగు పూతలు పూశాడు. బండి గంతులు వెయ్యకుండా కమాను పట్టీలకు గోగునార పురి బిగించి చుట్టింది అతని భార్య, జగన్నాధం అక్క కూర్మమ్మ. జోరు పెరగడానికి ఇంజను హెడ్డును అద్దపు పలక మీద, రాపిడి పొడి వేసి, వెంట్రుకవాసి చొప్పున నెలరోజులు అరగదీసింది జగన్నాధం. పని ముప్పాతిక అయ్యాక, పోయిన శ్రావణంలో, నరసింగరావు పన్నెండు రోజుల జ్వరంతో పోయాడు. మిగిలిన పావు పని అక్కా తమ్ముడూ కలిసి పూర్తిచేశారు. ఆ పని చేస్తున్నప్పుడు వాళ్ళు అతని మాట ఎత్తేవారు కాదు. స్పానరు అందించుకునేవారు, అంతే.

వెంకటరావు కాలరు విడిపించుకోలేదు. చేతులు రెండూ వేలాడేసి నిలబడి, మెడ మాత్రం తిప్పి, "సూస్తన్నారు కదండీ కార్యదర్శిగారూ" అన్నాడు. "నాది నాలుగేళ్ళ బండి. ఈ బుట్టబండిని గెలవడానికి నాను దొంగతనంగా నూని పొయ్యాలేటి?"

నలుగురు నవ్వారు. బెత్తం తోక చూసి బుట్టబండి అని పేరు పెట్టింది అతనే.

పందెం నడిపే క్లబ్బు కార్యదర్శి ఒక రిటైరైన ఇంజనీరు. మాట పెంచని మనిషి. ముందు చెయ్యి తియ్యమన్నాడు. తీశాక, నింద వేసినవాడే రుజువు చూపించాలనీ, చూపించలేకపోతే బండిని తోసుకుని ఇంటికి పోవలసి ఉంటుందనీ చెప్పాడు. నాలుగు కావడానికి ఇంకా మూడు గంటలుందని కూడా అన్నాడు.

కూర్మమ్మ అడగకుండానే సత్తు బేసిను తెచ్చి ఇంజను కింద పెట్టింది. జగన్నాధం బండి కిందికి దూరి, నూనె తొట్టి బిరడా విప్పాడు.

నూనె రావలసినట్టు రాలేదు. తేనె ధారలా జారవలసింది ఆగి ఆగి పడింది. వెనకాల బూడిదరంగు మడ్డి, ముద్దముద్దగా. జగన్నాధం దాన్ని రెండు వేళ్ళ మధ్య రుద్దాడు. మెత్తని పిప్పి తగిలింది. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

మాడిన ఆముదపు గింజల వాసన.

అది ఏ కారులోనూ ఉండే వాసన కాదు. పురిటిగదిలో ఉంటుంది. పసివాణ్ణి కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని వీపు రుద్దే ఆడదాని చేతులకు ఉంటుంది.

నరసింగరావు ఎప్పుడో ఒక పత్రికలో చదివాడు, పందెపు ఇంజన్లకు ఆముదాన్ని మించిన నూనె లేదని. ఆముదానికి మన ప్రాంతంలో కరువేముంది? చీపురుపల్లి దగ్గర వాళ్ళ పల్లెలో గానుగ పట్టించి, మూడుసార్లు వడగట్టి, డబ్బాకు ఎత్తి ఉంచేవాడు. ఈసారి జగన్నాధం కూడా అలాగే పట్టించాడు. అయితే ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసుకునే ఆముదం వేరు. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి మళ్ళీ కాస్తారు. దాన్ని వంటాముదం అంటారు. ఎంత బాగా కాచినా దానిలో కాస్త తడి, కాస్త పిప్పి మిగులుతాయి. పసిపిల్ల కడుపుకు అది మంచిదే. సూది బెజ్జమంత రంధ్రాల గుండా నూనె చిమ్మే ఇంజనుకు మాత్రం అది గొంతులో అడ్డుపడిన ముద్ద.

అది ఎవరు చేసిన నూనో జగన్నాధానికి చెప్పనక్కరలేదు. ఆ ఊళ్ళో గింజలు అంత నల్లగా వేయించే మనిషి ఒక్కతే.

బండి కింద పడుకునే అతను అటు చూశాడు. దూరంగా ఎడ్లబండి నీడలో తవిటమ్మ ఇటు వీపు పెట్టి కూర్చుని, అతని కోసం అన్నం మూట విప్పుతున్నది. నరసింగరావు తల్లి. కొడుకు పోయిన తరవాత ఆరు నెలలు ఆమె ఎవరితోనూ నాలుగు మాటలు కలిపి మాట్లాడలేదు. పందేనికి బయలుదేరుతున్నామని చెప్పిన రోజున మాత్రం, తానూ వస్తానంది. నిన్న దారిపొడుగునా ఎడ్లతోనూ, బండి తోలే గంగరాజుతోనూ, కనిపించిన ప్రతి చెరుకుతోటతోనూ మాట్లాడుతూనే వచ్చింది. ఆ గొంతు మళ్ళీ వినిపించినందుకు కూర్మమ్మ ఎడ్లబండి వెనక నడుస్తూ కళ్ళు తుడుచుకోవడం జగన్నాధం చూశాడు.

అతను బండి కిందినుంచి బయటికి వచ్చాడు.

"తప్పు నాది" అన్నాడు కార్యదర్శితో. "నూని నానే సరిగా సూసుకోలేదు. ఎవరూ ఏటీ సెయ్యలేదు."

తరవాత వెంకటరావు వైపు తిరిగాడు. నలిగిన కాలరును సర్దబోయి, తన చెయ్యి చూసుకుని ఆగిపోయాడు. పట్టుకోకూడనిది పట్టుకున్నాననీ, అనకూడని మాట అన్నాననీ, అందరి ఎదుటా అన్నాను గనక అందరి ఎదుటే క్షమించమంటున్నాననీ చెప్పాడు.

వెంకటరావుకు అది చాలలేదు. చాలకపోవడం న్యాయమే. రేపు బజారులో ప్రతివాడూ ఇంజన్లో ఏదో పోశాడట అనే అంటాడు గాని, పొయ్యలేదట అని ఎవడూ అనడు. అతను బేసిను వంక చూపించాడు. "ఇది నువ్వు తెచ్చిన నూని కాదని నీ మొహమే సెప్తన్నాది. నువ్వు పొయ్యలేదు, నాను పొయ్యలేదు. మరెవరు పోసినట్టు? పేరు సెప్పు. సెప్పకపోతే నా పేరే ఉండిపోతాది."

"నానే పోసినాను."

"అబద్ధం."

"అబద్ధమే బాబూ" అంది వెనకనుంచి తవిటమ్మ. ఎప్పుడు లేచి వచ్చిందో ఎవరూ చూడలేదు. చేతికి ఇంకా అన్నం మెతుకులు ఉన్నాయి. "ఆడు సెప్పడు. నాను సెప్తాను. పోసినది నాను."

జగన్నాధం "అత్తా" అని అడ్డం వెళ్ళబోయాడు. ఆమె అతన్ని చేత్తో పక్కకు జరిపింది, చంటివాణ్ణి జరిపినట్టు.

"ఈలు డబ్బాడు గానుగాముదం తెచ్చినారు. అది మేం ఎడ్లబండి ఇరుసుకి పోస్తాం, దీపంలో పోస్తాం. నా కొడుకు బండికి ఇరుసు నూని పోస్తారేటి అనుకున్నాను. మూడు దినాలు పొయ్యికాడ కూకుని వండినాను. నిన్న మాపిటేల ఈలు సూడకుండా గంగరాజు సేత అది తీయించి ఇది పోయించినాను. పసిపిల్లలకి పోసీ నూని బాబూ. కీడు సేస్తాదని నాకేటి తెల్సు."

చెప్పవలసినది చెప్పి, జగన్నాధం మొహంలోకి చూసింది. "సచ్చిపోనాదేట్రా బండి?" అని అడిగింది.

దూరంగా బాట చివర ఉలవలు ఎండబోసుకున్నవాళ్ళు చేటలతో చెరుగుతున్న చప్పుడు వినిపించింది. వెంకటరావు వంగి, బేసినులో వేలు ముంచి, వాసన చూశాడు.

"మా మామ్మ నన్నూ దీంతోనే పెంచినాది" అన్నాడు లేస్తూ. "నాను సెడిపోయిన మాట నిజమే గాని, దీనివల్ల కాదు మామ్మా."

ముందుగా నవ్వింది కార్యదర్శి. ఆ తరవాత అందరూ నవ్వారు. తవిటమ్మ నవ్వలేదు. వెంకటరావు జగన్నాధంతో, ఉదయం షెడ్డులో తన మెకానిక్కు బానెట్టు ఎందుకు తాకాడో అతన్నే అడగమన్నాడు. ఆ మెకానిక్కు నసుగుతూ, పాత ఇంజనుకు హెడ్డు ఎంత అరగదీశారో తెలుసుకుందామని ఆశపడ్డాననీ, తెరిచే ధైర్యం చాలలేదనీ ఒప్పుకున్నాడు.

"రేపు నిన్ను అందరి ముందూ ఓడిద్దామని వచ్చినాను" అన్నాడు వెంకటరావు. "ఇవేళే నువ్వు ఇంటికి పోతే నాకు సరదా ఏటుంటాది? కానీ, కానీ. మూడు గంటలు లేదు."

బండి చచ్చిపోలేదని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. పూర్తిగా విప్పితే గాని లోపల ఎంత అరిగిందో తెలియదు. విప్పితే సాయంత్రానికి బిగించలేరు. జగన్నాధం ఇంజనుకు హ్యాండిలు వేసి మెల్లగా తిప్పుతూ, అరచేతితో చూశాడు. ఎక్కడా పట్టలేదు. తొందరగా ఆపాడు గనక బతికింది అనుకున్నాడు. అనుకోవడమే, నమ్మకం లేదు.

మంచి నూనె కావాలి. మామూలు ఇంజన్ నూనె పొయ్యడానికి లేదు. ఆముదం తిరిగిన ఇంజన్లో అది పోస్తే రెండూ కలవక విరిగిన పాలలా అవుతాయి. గానుగాముదం ఏం చేశావని కూర్మమ్మ అత్తగారిని అడిగింది.

"పారబోస్తానేటి? ఎడ్లబండి కింద కుండలో ఉన్నాది. గంగరాజు ఇరుసుకి ఓ దోసెడు రాసినాడు. నాను దీపంలో ఓ గరిటెడు పోసినాను. అంతే."

కుండ తెచ్చారు. మీద రెండు గడ్డిపరకలు, కొంచెం దుమ్ము. మిగతాదంతా తేనెలా ఉంది. కూర్మమ్మ పెట్రోలు వడగట్టే పొందూరు గుడ్డను నాలుగు మడతలు వేసి బేసిను మీద పట్టుకుంది. మొదటి సోలెడు నూనెను వేడిచేసి ఇంజన్లో పోసి, చేత్తో తిప్పి, బయటికి వదిలారు. మడ్డి వచ్చింది. మళ్ళీ పోశారు. మూడోసారి పోసిన నూనె పోసినట్టే బయటికి వచ్చింది.

ఇక ఆ రెండు రంధ్రాలు. ఇంజను పక్కన రెండు చిన్న మరలు విప్పితే వాటి వెనక కనిపిస్తాయి. సూది లావైంది, గుచ్చితే రంధ్రం పెద్దదవుతుంది. వెంకటరావు మెకానిక్కు జేబులోంచి కాగితపు పొట్లం తీశాడు. దానిలో ఫిడేలు తీగ ముక్క. విజయనగరంలో పాట నేర్చుకునేవాళ్ళకు ఉన్నన్ని తీగలు మెకానిక్కులకు కూడా ఉంటాయని జగన్నాధానికి అప్పటిదాకా తెలియదు. తీగ ఒక రంధ్రంలో తేలిగ్గా దూరింది. రెండోదానిలో దూరలేదు. పావుగంట తిప్పి తిప్పి తోస్తే, నల్లటి గింజపొట్టు ముక్క ఒకటి, చీమ తలకాయంతది, బయటికి వచ్చింది. జగన్నాధం దాన్ని గోటి మీద పెట్టుకుని చూశాడు. ఎనిమిది నెలల పనిని ఆపింది అదే.

అంతా బిగించాక అతను గరాటు తెచ్చి తవిటమ్మ చేతికి ఇచ్చాడు.

"నువ్వే పొయ్యి అత్తా."

"ఇరుసు నూనా?"

"ఇరుసు నూనే."

ఆమె రెండు చేతులతో చెంబు పట్టుకుని, చుక్క కింద పడకుండా పోసింది. జగన్నాధం ఇంజను వేశాడు. ఇత్తడి బొత్తం కదలలేదు. అందరూ దాన్నే చూస్తున్నారు. కూర్మమ్మ పెదవులు కదుపుతూ అంకెలు లెక్కపెడుతున్నది. ఏడు అనేసరికి బొత్తం టక్కున బయటికి వచ్చి నిలబడింది. టకటక లేదు. పాత కుట్టు మిషను సాఫీగా నడుస్తున్న చప్పుడు.

నాలుగుకు అయిదు నిమిషాలుండగా జగన్నాధం సున్నపు గీత మీదికి బండి తెచ్చాడు.

ఆ బాట పొడుగు ముప్పాతిక మైలు. పోయేటప్పుడు ఒక పక్క, వచ్చేటప్పుడు ఒక పక్క. సున్నం కొట్టిన పీపాలు తిరగవలసిన చోటు చూపిస్తాయి. కార్యదర్శి జెండా దించగానే బేబీ కారు ముందుకు ఉరికింది. మొదటి పీపా దగ్గర వెనక చక్రాలు పక్కకు జారాయి. ఎండబోసిన ఉలవలు కొన్ని అక్కడ మిగిలిపోయాయి. జగన్నాధం స్టీరింగును లాగలేదు, జారనిచ్చాడు. బెత్తం తోక కరకరలాడుతూ అటు ఊగి ఇటు వచ్చింది. కమాను పట్టీల పురి గట్టిగా పట్టుకుంది. బండి మళ్ళీ తిన్నగా అయ్యేసరికి అతనికి తెలియకుండానే పళ్ళు బయటపడ్డాయి.

రెండో చుట్టులో అతను ఇంజను మాట వినడం మానేశాడు. అంతవరకు ప్రతి క్షణమూ ఆ టకటక కోసం చెవి ఒగ్గి ఉన్నాడు. ఇప్పుడు కాంక్రీటు అతుకుల మీద చక్రాలు చేసే చప్పుడు, గాలి, తన ఊపిరి. ఎడ్లు తోలుకుపోతున్న మనిషి ఒకడు తలపాగా తీసి ఊపాడు. మూడో చుట్టులో, తిరుగుదారిలో, స్పీడు ముల్లు అరవై దగ్గర వణికింది. ఆ బండి పుట్టిన దగ్గరనుంచి అంత వేగం చూసి ఉండదు. బొత్తం బయటే ఉంది. గీత దగ్గర జనం రెండు వరుసలుగా చీలిపోయారు. వాళ్ళ మధ్యనుంచి అతను దూసుకుపోయాడు.

కార్యదర్శి స్టాప్ వాచీని ఎండకు చెయ్యి అడ్డం పెట్టి రెండుసార్లు చూశాడు. అయిదు నిమిషాల యాభై ఎనిమిది సెకండ్లు.

కేకలు వేసినవాళ్ళు వేశారు. గంగరాజు ఎడ్ల మెడలో గంటలు విప్పి చేత్తో మోగించాడు. వెంకటరావు వచ్చి బెత్తం తోకను తట్టి, "బుట్ట గట్టిదే" అన్నాడు. జగన్నాధం ఇంకా సీటులోంచి లేవలేదు. తవిటమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగి, వేడి బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, కాలినా తియ్యకుండా అలాగే ఉంచింది. "బతికినాది" అంది. ఎవరితో అందో తెలియదు.

కార్యదర్శి కాగితం, కలం తీసుకుని వచ్చాడు. పందెపు పట్టీలో రెండు పేర్లు కావాలన్నాడు. ఒకటి నడిపేవారిది, రెండోది పక్క సీటులో కూర్చుని వెనకనుంచి వచ్చే బండ్లు చూసి చెప్పేవారిది. పరీక్షకు ఆ నియమం లేదు గాని పందేనికి ఉంది. ఇంగ్లీషు నోటీసులో ఉన్న ఆ మాట నరసింగరావు చదివే ఉంటాడు, తక్కినవాళ్ళకు చెప్పడానికి అతను లేడు. పొద్దుగూకేలోగా రెండు పేర్లూ రాకపోతే చోటు తరవాతివాళ్ళకు పోతుంది.

జగన్నాధం చుట్టూ చూశాడు. గంగరాజు, ఎడ్లబండి అయితే ఎక్కుతాను గాని దీనిలో ఎక్కనని ముందుగానే చెప్పి నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"నా పేరు రాయండి" అంది కూర్మమ్మ.

కార్యదర్శి ఆమె వంక, తరవాత తవిటమ్మ వంక చూశాడు. తవిటమ్మ బానెట్టు మీదనుంచి చెయ్యి తియ్యకుండానే తల ఊపింది. ఆడవాళ్ళు కూర్చోకూడదని నియమాల్లో ఎక్కడా లేదని కార్యదర్శి తనలో తాను అనుకున్నట్టుగా అన్నాడు. కాగితం మీద రెండో వరసలో కలం పెట్టబోయాడు.

కూర్మమ్మ మాత్రం తమ్ముడితో మాట్లాడుతున్నది.

"జగ్గా, ఆ దూరపు పీపాకాడ గేరు తగ్గిస్తన్నావు. అక్కడ తగ్గించకూడదు. మూడుసార్లూ ఊపు సచ్చిపోనాది. తగ్గించకపోతే ఇంకో ఆరు సెకండ్లు మిగిలీవి."

జగన్నాధం ఆమె వంక చూశాడు. తెల్లవారగట్ల బావ, అక్క ఈ కారు వేసుకుని ఈ బాట మీదికే వచ్చేవారని అతనికి తెలుసు. ఎన్నోసార్లు తనే హ్యాండిలు వేసి పంపాడు.

"బావ తగ్గించీవోడు కాదేటి?" అని అడిగాడు. "నువ్వు పక్కన కూకుని సూసినావా?"

కార్యదర్శి కలం రెండు వరసల మధ్య ఆగిపోయింది.

"నాను పక్కన కూకోలేదురా" అంది కూర్మమ్మ. "మీ బావే నా పక్కన కూకునీవోరు."